చేపపిల్లల ఉగ్గు

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున తొట్టి మూత తీసి చూస్తే ఒక్క పిల్ల కూడా కదల్లేదు. ముందు రోజు రాత్రి టార్చి వేసి లెక్కపెట్టినప్పుడు నలభైకి పైనే ఉన్నాయి. తెల్లారేసరికి అన్నీ అడుగుకు చేరాయి. నూలు పోగును గోటితో తుంచి వేసినట్టు, తెల్లగా, సన్నగా పడి ఉన్నాయి. పాప నిద్ర లేస్తే నేరుగా తొట్టి దగ్గరికే వస్తుందని తెలుసు. అది వచ్చేలోపు నీళ్లు పారబోద్దామనుకున్నాను కానీ చేతులు రాలేదు. వచ్చింది, వంగి చూసింది, "ఆకలికే చచ్చిపోయాయా నాన్నా?" అని అడిగింది. అవునని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

మేము కర్నూలులో ఉంటాం. పాత ఇల్లు, నేలకు బేతంచెర్ల బండలు, వెనక చిన్న వరండా. ఆ వరండాలో మూడేళ్లుగా రెండడుగుల తొట్టి ఒకటి ఉంది. అందులో గప్పీలు, మోలీలు పెంచేవాణ్ని. అవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే వేస్తాయి. ఆ పిల్లలు పుట్టగానే ఈదుతాయి, మామూలు మేతనే వేళ్లతో నలిపి చల్లితే తినేస్తాయి. వాటిని పెంచిన ధైర్యంతో ఒక ఫైటర్ చేపల జతను తెచ్చాను. మగది ఎర్రది, ఆడది నీలం. చేపపిల్ల ఏదైనా చేపపిల్లే కదా అనుకున్నాను.

ఫైటర్ల సంగతి వేరు. మగ చేప నోటితో బుడగలు ఊది నీటి మీద నురగ గూడు కడుతుంది. ఆడది విడిచిన గుడ్లను ఒక్కొక్కటే ఏరి ఆ నురగలో అతికిస్తుంది. గుడ్లు పెట్టడం అయ్యాక ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది తరిమి కొడుతుంది. ఆ తర్వాత కాపలా అంతా మగదే. ఒకటిన్నర రోజుకు, ఎక్కువలో ఎక్కువ రెండు రోజులకు గుడ్లు పొదుగుతాయి. పిల్లలు ఇంకో రెండు మూడు రోజులు తోక కిందికి వేలాడేసుకుని గూటికి అంటుకునే ఉంటాయి. ఆ రోజుల్లో పొట్ట కింద ఉన్న సొన సంచే వాటికి తిండి. సంచి ఖాళీ అయ్యాక ఒక్కసారిగా అడ్డం తిరిగి ఈత మొదలుపెడతాయి. ఆ గంట నుంచి వాటి నోటికి పట్టే మేత తొట్టిలో ఉండాలి.

నేను పెట్టింది ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన. పాత పంచె గుడ్డలో మూట కట్టి నీళ్లలో పిండితే పాలలా వచ్చింది. రోజుకు మూడుసార్లు రెండేసి చుక్కలు వేశాను. మూడో రోజుకు నీళ్లు మసకబారాయి, నాలుగో రోజుకు అడుగున జిగట పేరుకుంది. చుట్టూ అంత మేత ఉండీ పిల్లలు ఆకలితో పోయాయి. ఆకలికి తోడు కుళ్లిన నీళ్లు.

చేపలు తెచ్చిన షాపు అన్నకు ఈ మాట చెబితే ఆయన నా మీద జాలిపడ్డాడు. "కదలని దాన్ని ఆ పిల్లలు మేత అనుకోవు సార్. కళ్ల ముందు కదిలితేనే నోరు తెరుస్తాయి. సొన కింద పడిపోతాది, కుళ్లిపోతాది" అన్నాడు. మరేం పెట్టాలని అడిగితే ఇన్ఫ్యూసోరియా అన్నాడు. ఆయన దగ్గర లేదు. "ఇంట్లోనే చేసుకోవాల సార్. కానీ గుడ్లు పెట్టినంక మొదలుపెడితే అందదు. వారం ముందే తయారుగా ఉండాల." ఈ పనిలో నాకు దొరికిన అసలు సలహా ఇదే. మిగతావన్నీ దీని వెనకాల నేర్చుకున్నవే.

ఇన్ఫ్యూసోరియా అంటే ఒక జీవి పేరు కాదు. గడ్డో ఆకో నానబెట్టిన నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులన్నిటికీ కలిపి పాతరోజుల్లో పెట్టిన పేరు. నానబెట్టిన కషాయాన్నే ఇంగ్లీషులో ఇన్ఫ్యూజన్ అంటారు, పేరు అక్కడి నుంచి వచ్చింది. మనం స్కూల్లో బొమ్మ గీసిన పారమీషియం వీటిలో ముఖ్యమైనది. దాని పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు, మహా అయితే మూడో వంతు. అప్పుడే ఈత నేర్చిన ఫైటర్ పిల్ల మొత్తం మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, నోరెంత ఉంటుందో ఊహించుకోండి. చంటిపిల్లకు అన్నం ముద్ద పెట్టకుండా ఉగ్గు ఎందుకు పెడతామో ఇదీ అంతే. అందుకే మా ఇంట్లో దీని పేరు ఉగ్గు అయిపోయింది. పాపే పెట్టింది ఆ పేరు.

మూడు పాత హార్లిక్స్ సీసాలు కడిగి ఆరబెట్టాను. సబ్బు వాడలేదు, ఉప్పుతో తోమి వేడినీళ్లతో కడిగాను. సబ్బు కొంచెం మిగిలినా ఈ జీవులు బతకవు. కార్పొరేషన్ కుళాయి నీళ్లను వెడల్పాటి బేసిన్‌లో ఒక రోజంతా ఎండ తగిలేలా పెట్టాను, క్లోరిన్ వాసన పోయేదాకా. ఒక సీసాలో క్యాబేజీ ఆకు, రెండోదాంట్లో అరటి తొక్క, మూడోదాంట్లో వరిగడ్డి వేశాను.

గడ్డి కోసం మా మామకు ఫోన్ చేశాను. ఆయనకు కేసీ కాలువ కింద రెండెకరాల వరి ఉంది. "ఎన్ని మోపులు కావాల అల్లుడా?" అన్నాడు. ఒక పిడికెడు చాలు మామా అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ ఏడు పైరుకు మందు కొట్టారని తెలుసు కాబట్టి పోయినేడు వేసిన గడ్డివాము అడుగు నుంచి తీసివ్వమన్నాను. పురుగుమందు తగిలిన గడ్డి అయితే పడిన శ్రమంతా వృథా, పైగా ఆ విషం పిల్లల దాకా వెళ్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. గడ్డి ఎక్కడిదో, దానికేం కొట్టారో తెలియకపోతే వాడొద్దు.

ఆ గడ్డిని వేలెడు ముక్కలుగా కత్తిరించి ఒక గిన్నెలో పావుగంట ఉడకబెట్టాను. ఇల్లంతా పశువుల కొట్టం వాసన. అమ్మ వచ్చి, "ఏందిరా, వంటింట్లో గేదెకు దాణా వండుతాండావా?" అంది. గేదెకు కాదమ్మా, చేపలకు అన్నాను. ఉడకబెట్టడంలో ఒక లెక్క ఉంది. గడ్డిలో దాక్కున్న పురుగుల గుడ్లు, బూజు పోతాయి, గడ్డి మెత్తబడి సారం దిగుతుంది. అయినా గడ్డిలోని ఒక రకం బ్యాక్టీరియా బీజాలు మాత్రం మరిగే నీళ్లకు కూడా చావవు. ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1876లో గడ్డి కషాయంతోనే ఈ సంగతి తేల్చాడు. మనకు కావలసింది కూడా అదే. చల్లారాక ఆ బీజాలు మొలకెత్తి బ్యాక్టీరియా పెరగాలి, ఆ బ్యాక్టీరియాను పారమీషియం తినాలి, పారమీషియాన్ని మన పిల్లలు తినాలి.

క్యాబేజీ సీసా మూడో రోజుకే భరించలేని కంపు కొట్టింది. అమ్మ "యాడికైనా మిద్దె మీద పెట్టుకో అప్పా" అంటే అన్నీ మిద్దె మీదికి మార్చాను. అరటి తొక్క సీసాకు చిన్న ఈగలు ముసిరాయి, నీళ్లు నల్లగా జిగురుపట్టాయి. గడ్డి సీసా నీళ్లు మాత్రం రెండో రోజు కలినీళ్లలా తెల్లగా మారాయి, వాసన ఉన్నా ముక్కు మూసుకునేంత కాదు. చాలామంది ఈ తెల్లదనాన్ని చూసి కల్చర్, అంటే మనం పెంచే ఇన్ఫ్యూసోరియా, వచ్చేసిందనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. ఆ తెలుపు బ్యాక్టీరియా మాత్రమే, మేత కాదు. దాన్ని తెచ్చి పిల్లల తొట్టిలో పోస్తే నీళ్లు పాడవడం తప్ప ఏమీ జరగదు.

బ్యాక్టీరియాను తినే జీవులు ఎక్కడి నుంచైనా రావాలి కదా. పెరుగు కావాలంటే పాలకు తోడు వేయాల్సినట్టే దీనికీ తోడు కావాలి. నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువుకు పాపను వెంటబెట్టుకుని వెళ్లాను. వానలు పడి చెరువు నిండుగా ఉంది. గట్టు పక్కన, కుళ్లిన ఆకులు నిలిచిన చోట సీసా ముంచి సగం దాకా నీళ్లు పట్టాను. ఇంటికొచ్చి పాత చేతిరుమాలు నాలుగు మడతలు వేసి వడకట్టి, ఒక్కో సీసాలో రెండు చెంచాలు వేశాను. వడకట్టకపోతే దోమపిల్లలు, తూనీగ పిల్లలు, హైడ్రాలనే చిన్న నీటి జీవులు కూడా వస్తాయి. తూనీగ పిల్ల ఒక్కటి చాలు, తొట్టిలో పిల్లల్ని వరసగా తినేస్తుంది. మూతులకు దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టి రబ్బరు బ్యాండు వేశాను. మిద్దె మీద నీళ్లు నిలవబెడుతున్నాం కాబట్టి ఇది చేపల కోసమే కాదు, ఇంటి కోసం, వీధి కోసం కూడా. డెంగీ కాలంలో నిలవ నీళ్లు తెరిచి పెట్టడం తప్పు.

ఇక్కడ ఒక తొందరపాటు చేశాను. రెండు చుక్కల పాలు వేస్తే బాగా పెరుగుతుందని ఎవరో చెబితే అరచెంచా వేశాను. మర్నాటికి నీళ్ల మీద మీగడలాంటి పొర కట్టింది, ఆ మర్నాటికి మురుగు వాసన. పాలకు బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేసింది. సీసా మొత్తం కాలువలో పోయాల్సి వచ్చింది. మళ్లీ గడ్డి ఉడకబెట్టి, మళ్లీ ఒక వారం.

రెండోసారి తోడు తప్ప ఇంకేమీ వేయకుండా ఊరికే వదిలేశాను. ఐదో రోజు తెల్లదనం విరిగింది. ఆరో రోజు నీళ్లు పలుచటి టీ డికాషన్ రంగులోకి తేరుకున్నాయి. మురుగు వాసన పోయి, తొలకరి పడినప్పుడు వచ్చే మట్టి వాసనలాంటిది మిగిలింది. రాత్రి కరెంటు ఆపి, సీసా వెనక నల్ల అట్ట పెట్టి, పక్క నుంచి టార్చి వేశాను. పైన అంగుళం మేర సన్నటి తెల్ల దుమ్ము. మామూలు దుమ్మైతే నీళ్లు ఎటు కదిలితే అటు పోతుంది. ఇది అలా పోవడం లేదు. ఒక్కో నలుసు తన దారిన తాను పోతోంది, ఇంకోదానికి తగిలితే వెనక్కి జరిగి పక్కకు తిరిగి మళ్లీ పోతోంది. పాపను పిలిచాను. "నాన్నా, ఇవి బతికే ఉన్నాయి" అని గుసగుసగా అంది, గట్టిగా అంటే పారిపోతాయేమో అన్నట్టు.

పాప ఈ సంగతి స్కూల్లో చెబితే వాళ్ల సైన్స్ మేడం ఫోల్డ్‌స్కోప్ ఇచ్చి పంపారు. అట్ట ముక్కలు మడిచి చేసే మైక్రోస్కోప్ ఇది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాష్, ఆయన విద్యార్థి కలిసి తయారుచేశారు, 2014లో లోకానికి తెలిసింది. 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దానికి మొబైల్ ఫోన్ అతికించి ఒక చుక్క నీళ్లు పెట్టాం. మొదట గడ్డి పీచు మాత్రమే కనిపించింది. తర్వాత తెర మీద ఒక మూల నుంచి చెప్పు ఆకారంలో ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. నేరుగా ఈదదు, తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు పోతుంది, గోడకు మర దిగినట్టు. అంచు చుట్టూ శైలికలనే సన్నటి వెంట్రుకలు వెలుగులో మెరుస్తూ వణుకుతున్నాయి. లోపల ఒక చిన్న గుండ్రటి మచ్చ నిండుతూ, టక్కున మాయమవుతూ, మళ్లీ నిండుతోంది. పదో తరగతిలో సంకోచ రిక్తిక అని బట్టీ పట్టింది ఇదే. ఇరవై ఏళ్ల తర్వాత, మా వరండాలో, అది కొట్టుకోవడం కళ్లారా చూశాను. ఒకటి నడుము దగ్గర సన్నబడి రెండుగా విడిపోబోతూ కనిపించింది. మంచి మేత, సరైన వేడి ఉంటే రోజుకు రెండు మూడు సార్లు ఇలా విడిపోతుంది. ఒక చెంచా తోడు వారంలో సీసా నిండడం వెనక ఉన్న లెక్క అదే.

ఇలాంటి నీళ్లలో జీవులున్నాయని మొదట చూసినవాడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి, లీవెన్‌హుక్. మిరియాలకు ఘాటు ఎందుకొస్తుందో తెలుసుకుందామని మిరియాలు నీళ్లలో నానబెట్టాడు. తాను చేసుకున్న భూతద్దంలోంచి చూస్తే ఘాటు కనిపించలేదు, నీళ్ల నిండా తిరుగుతున్న చిన్న జీవులు కనిపించాయి. 1676లో ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ మిరియాలు మన వైపు సముద్రం నుంచి వెళ్లినవే అయి ఉంటాయని మా అమ్మకు చెబితే చాలా సంతోషపడింది.

తోడు నిలిచింది. కానీ ఆ గడ్డి నీళ్లను అలాగే పిల్లల తొట్టిలో పోయడానికి మనసొప్పలేదు. ఒకసారి మురికి నీళ్లతో పిల్లల్ని పోగొట్టుకున్నవాణ్ని. షాపు అన్న ఒక పద్ధతి చెప్పాడు, అది నిజంగా గొప్ప పద్ధతి. పొడుగ్గా సన్నటి మెడ ఉన్న గాజు సీసా తీసుకోవాలి. గడ్డి నీళ్లను గుడ్డతో వడకట్టి మెడ మొదలు దాకా నింపాలి. షాపులో దొరికే ఫిల్టర్ దూదిని చిటికెడు ఉండ చేసి మెడలోకి, నీళ్లకు తగిలేదాకా తోయాలి. దాని పైన డ్రాపర్‌తో అంచు వెంబడి మెల్లగా మంచి నీళ్లు పోసి మెడ నింపాలి. తొందరపడి పోస్తే కింది రంగు నీళ్లు పైకి కలిసిపోతాయి, మళ్లీ మొదటికొస్తుంది. పారమీషియానికి పైకి ఈదే గుణం ఉంది, పైగా గాలి తగిలే చోటే దానికి హాయి. రాత్రి పెట్టి పొద్దున చూస్తే మెడలోని తేట నీళ్లలో తెల్ల దుమ్ము నిండి ఉంటుంది. మురికి, వాసన, గడ్డి పీచు అన్నీ దూది కిందే ఆగిపోతాయి. ఆ తేట నీళ్లను డ్రాపర్‌తో తీసి పిల్లలకు పెట్టడమే.

నవంబరు రెండో వారానికి మూడు సీసాలు తయారయ్యాక మళ్లీ జతను కలిపాను. ఈసారి ఎనిమిది లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో నాలుగంగుళాల నీళ్లు, పైన ఒక ఎండు బాదం ఆకు. ఆ ఆకు కిందే మగది గూడు కట్టింది. గుడ్లు పెట్టిన ఐదో రోజు పొద్దున పిల్లలు అడ్డంగా ఈదడం కనిపించగానే మగదాన్ని తీసేసి, మెడ నీళ్లు రెండు డ్రాపర్లు వదిలాను.

చాలాసేపు ఏమీ జరగలేదు. పిల్లలు ఉన్నచోటే తేలుతున్నాయి. పాపా నేనూ టబ్బు అంచు మీద గడ్డం ఆనించి చూస్తున్నాం. ఒక పిల్ల మా ముందుకు వచ్చింది. రెండు నల్ల కళ్లు, వాటి వెనక పోగులాంటి ఒళ్లు, అంతే. కళ్లు రెండూ ముందుకు తిరిగాయి. తోకను కొడవలిలా వంచి ఆగింది. నాకు ఊపిరి ఆగినట్టయింది. ఒక్క దూకు. ఏం మింగిందో కనిపించలేదు, ఆ నలుసు ఉన్నచోట లేదు, అంతే. మళ్లీ వంగింది, మళ్లీ దూకింది. పక్కన ఇంకోటి మొదలుపెట్టింది. సాయంత్రానికి పొట్టలు ఆవగింజలో సగమంత తెల్లగా ఉబ్బి ఉన్నాయి. మొదటి ఈతలో ఒక్క పిల్లకూ అలాంటి పొట్ట నేను చూడలేదు. "తిన్నాయి నాన్నా, కడుపు నిండా తిన్నాయి" అని పాప వాళ్ల నానమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

రోజుకు మూడుసార్లు పెట్టాను. ఎంత పెట్టాలన్నది చెంచాల లెక్కతో తేలదు. టబ్బులోంచి ఒక గాజు గ్లాసుడు నీళ్లు తీసి టార్చి వేసి చూడాలి, నలుసులు అక్కడక్కడ కనిపిస్తుంటే చాలు. ఇన్ఫ్యూసోరియాలో ఉన్న మేలు ఏమిటంటే తినకుండా మిగిలినా అవి బతికే ఉంటాయి, సొనలా కుళ్లవు. నీళ్లు మార్చడానికి మెడికల్ షాపులో ఒక సెలైన్ సెట్ కొన్నాను. పాత నీళ్లను సన్నటి పైపుకు గుడ్డ కట్టి మెల్లగా తీసేసి, కొత్త నీళ్లను సెలైన్ పైపుతో చుక్క చుక్కగా వదిలేవాణ్ని. రోజుకు టబ్బులో ఐదో వంతు. ఆ చిన్న చక్రం తిప్పి చుక్కల వేగం సరిచేస్తుంటే ఆసుపత్రిలో ఉన్నట్టే అనిపించేది.

ఐదో రోజు నుంచి ఆర్టీమియా కూడా కలిపాను, అంటే ఉప్పునీళ్లలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి పిల్లలు. దీని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. లీటరు నీళ్లకు 25 గ్రాముల గళ్లుప్పు, కోసి తలకిందులుగా పెట్టిన కూల్‌డ్రింక్ బాటిల్, అడుగు నుంచి గట్టిగా గాలి, పైన బల్బు. అందులో వేసిన ఆర్టీమియా గుడ్లు ఒక రోజుకు పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు వెలుతురు వైపు గుంపు కడతాయి. వాటిని గుడ్డలో వడకట్టి ఉప్పు పోయేలా కడిగి పెట్టాలి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. ఫైటర్ పిల్లల్లో పెద్దవి దాన్ని తొందరగానే పట్టేస్తాయి, చిన్నవి పట్టలేవు. అందుకని ఇంకో వారం ఉగ్గు ఆపలేదు. అన్నిటికీ ఆర్టీమియా ఒక్కటే పెడితే చిన్నవి వెనకబడి పోతాయి, చివరికి పెద్దవే మిగులుతాయి. కొన్ని మిగిలితే చాలులే అనుకునేవాళ్లున్నారు, నాకది నచ్చలేదు.

డిసెంబరులో తెల్లవారుజామున వరండాలో బాగా చలి. టబ్బు చుట్టూ థర్మాకోల్ కట్టి, పైన వంటింటి ప్లాస్టిక్ కవరు పరిచాను. మూడు నాలుగు వారాల వయసులో ఈ పిల్లలకు గాలి నేరుగా పీల్చుకునే అవయవం తయారవుతుంది, అప్పుడు నీటి మీదికి వచ్చి గుటక వేస్తాయి. ఆ గాలి చల్లగా ఉంటే చాలా పిల్లలు పోతాయి. నెల నిండేసరికి టబ్బులో 63 ఉన్నాయి. రాత్రిపూట టార్చి వేసి పాపా నేనూ విడివిడిగా లెక్కపెట్టాం, ఇద్దరికీ ఒకే అంకె వచ్చేదాకా.

ఎండాకాలం వేరే పరీక్ష పెట్టింది. కర్నూలు మే నెల తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, 42, 43 డిగ్రీలు మామూలు. మిద్దె మీది సీసాలు ఏప్రిల్‌లోనే ఒకటి తర్వాత ఒకటి చచ్చాయి. పొద్దున టార్చి వేస్తే ఖాళీ నీళ్లు. వరండాలోకి మార్చిన చివరి సీసా కూడా పలచబడుతోంది. ఏడు నెలలుగా నిలబెట్టుకున్న తోడు పోతుందంటే నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ చెరువుకు వెళ్దామంటే గట్టు దగ్గర బురద తప్ప నీళ్లు లేవు.

దారి చూపించింది అమ్మ. "నీళ్ల కుండ కింద ఇసుక ఎందుకు పోస్తామురా?" అంది. పెద్ద మట్టితొట్టిలో ఇసుక పోసి తడిపి, మధ్యలో చిన్న కుండ దించి, ఆ కుండలో సీసా పెట్టింది. పైన తడి గోనెపట్టా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు ఇసుక తడపాలి. మా ఊరి గాలి పొడిగాలి కాబట్టి తడి తొందరగా ఆరుతుంది, ఆరేకొద్దీ కుండ చల్లబడుతుంది. బయట 42 ఉన్న రోజు సీసాలో థర్మామీటరు ముంచితే 29 చూపించింది. పదిహేను రోజుల్లో నలుసులు మళ్లీ కమ్ముకున్నాయి. నేను ఆఫీసుకు వెళ్లాక మధ్యాహ్నం ఇసుక తడిపే పని అమ్మే చూసుకునేది. మొదట్లో కంపు అన్న మనిషే, సాయంత్రం నేను రాగానే "నీ పురుగులు చల్లగా ఉండాయిలే" అని చెప్పేది.

అప్పటి నుంచి ఒకే చోట అన్ని సీసాలూ పెట్టడం మానేశాను. ఒకటి కుండలో, ఒకటి వంటింటి అటక మీద, ఒకటి షాపు అన్న దగ్గర. పన్నెండు పదిహేను రోజులకు ఒకసారి పాత సీసాలోంచి పావు వంతు తీసి కొత్త గడ్డి నీళ్లలో కలుపుతాను. సీసా మీద తేదీ రాసిన కాగితం అతికిస్తాను. గడ్డి దొరకనప్పుడు నాలుగు గోధుమ గింజలు ఉడకబెట్టి వేసినా పనిచేసింది. గింజలు ఎక్కువైతే మాత్రం పాల కథే మళ్లీ. ఒకసారి సీసాలో చీమలు పడ్డాయి, ఏమీ కాలేదు. ఇంకోసారి పక్క గదిలో దోమల మందు కొట్టిన రోజు, గుడ్డ మూత మాత్రమే ఉన్న సీసా రాత్రికి రాత్రే ఖాళీ అయింది. ఇప్పుడు మందు కొట్టే రోజు సీసాల మీద ప్లేట్లు బోర్లిస్తాను.

రెండో ఈతలో బతికిన మగ ఫైటర్లు మూడో నెలకే కొట్లాటకు దిగితే విడివిడిగా జాడీల్లో పెట్టి పెంచి, చాలావరకు షాపు అన్నకు ఇచ్చేశాను. డబ్బులకు బదులు ఒక ముత్యాల గౌరామి జత తీసుకున్నాను. గౌరామి పిల్లలు ఫైటర్ పిల్లల కన్నా చిన్నవి, వాటికి మొదటి వారం ఆర్టీమియా అసలే పట్టదు, పూర్తిగా ఉగ్గు మీదే ఆధారపడాలి. అందుకే ఈసారి ఐదు సీసాలు పెట్టాను.

నిన్న సాయంత్రం మగ గౌరామి ఆకుల మధ్య నురగ కట్టడం మొదలుపెట్టింది. పాప ఫోల్డ్‌స్కోప్‌లో ఒక్కో సీసా నుంచి ఒక్కో చుక్క చూసి, రెండో సీసా, నాలుగో సీసా బాగున్నాయని నోట్‌బుక్‌లో రాసుకుంది. సన్నమెడ సీసాలో దూది పెట్టి, పైన మంచి నీళ్లు పోసి పడుకున్నాను.